అక్క చదివే వరుస

లిఫ్టాయన సంచీలో స్పానర్లుంటాయి, గ్రీజు డబ్బా ఉంటుంది, శుభ్రమైన తుండుగుడ్డలో చుట్టిన ఒక నవల ఉంటుంది. గ్రీజు ఒంటికి అంటినా ఫరవాలేదు గానీ నవలకు అంటకూడదని ఆ గుడ్డ. యాభై రెండేళ్ళ మనిషి. ఎడమ కనుబొమ మీద ఎప్పుడూ ఒక నల్లటి మరక ఉంటుంది. ఇల్లాలు దాన్ని రోజూ తుడుస్తుంది, అది రోజూ తిరిగొస్తుంది. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు ఈయన చేతి చలవ వల్లే ఎక్కి దిగుతున్నాయి కాబట్టి, ఈయనకు అసలు పేరొకటుందన్న సంగతి అందరూ మరిచిపోయారు. "లిఫ్టాయన్ని పిలవండి" అంటే చాలు, సంచీ భుజాన వేసుకుని వచ్చేస్తాడు.

మధ్యాహ్నం కరెంటు ఆపేసి, లిఫ్టు పెట్టె పైకప్పు మీద బాసింపట్టు వేసుకుని, నెత్తికి కట్టుకున్న లైటు వెలుగులో ఆ నవల చదువుకుంటాడు. అదేమీ పండితులు మెచ్చే పుస్తకం కాదు. 'తోకచుక్క దళం' అని, ఒక కెప్టెను, అతని వెంట డబ్బా అనే మరమనిషి, ఇద్దరూ ఒక డొక్కు అంతరిక్ష నౌకలో చుక్కలన్నీ తిరుగుతుంటారు. అది మొదట బొమ్మల కథగా పుట్టింది. తర్వాత టీవీలో కార్టూనైంది. ఆ కార్టూను మీద మళ్ళీ నవలలు అచ్చేశారు, మొత్తం నలభై ఒకటి. లిఫ్టాయన దగ్గర ముప్ఫై ఎనిమిదున్నాయి. లేని మూడింటి గురించి అడక్కండి, ఆ మొహం చూడలేం.

ఒక మేడ సెక్రటరీ మాత్రం ఉండబట్టలేక అడిగాడు. "టీవీలో వచ్చేసిందాన్నే మళ్ళీ పుస్తకంలో చదువుతారేంటండీ, చిన్నపిల్లాడిలా?"

లిఫ్టాయన ఒంటికాలి మీద లేచాడు. "కార్టూన్లో కెప్టెను కనుబొమలు ముడేస్తాడండీ. అంతే, నౌక బయల్దేరిపోతుంది. ఎందుకు ముడేశాడు? వాళ్ళమ్మ గుర్తొచ్చి ముడేశాడు. అది నవల్లోనే ఉంటుంది. మీరు కార్టూను చూసి అతనికి కోపమెక్కువ అనుకుంటారు. నేను నవల చదివి దిగులెక్కువ అనుకుంటాను. ఇద్దరం చూసింది ఒక్క మొహమే."

సెక్రటరీ అప్పటికే మెట్ల మీదుగా జారుకున్నాడు గానీ లిఫ్టాయన ఆగే రకమా? ఆరో నవల్లో డబ్బాకు మూడు కాళ్ళని ఉంటుంది, కార్టూన్లో రెండే. నవల రాసేవాళ్ళకు కార్టూను తయారుకాక ముందే కాగితాలు చేతికిస్తారని ఎక్కడో చదివాడు. "పాపం, ఆ రాసినాయన బొమ్మ చూడకుండానే రాశాడు. చూడకుండా మూడో కాలు ఊహించాడంటే ఎంత మనసు పెట్టి ఉండాలి!" అంటాడు. మామూలు మనుషులకు అది తప్పు. ఈయనకు మాత్రం ఆ మూడో కాలంటే ప్రాణం.

ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుపోతే ఈ వాగుడే అక్కరకొస్తుంది. తలుపు తెరవడానికి పది నిమిషాలు పడితే, పది నిమిషాలూ బయటినుంచి డబ్బా కథ చెబుతూనే పనిచేస్తాడు. ఒకావిడ తలుపు తెరుచుకున్నాక కూడా, తర్వాతేమైందో చెబితే గానీ కదలనని నిలబడిందట. ఇది లిఫ్టాయన స్వయంగా చెప్పుకున్న మాట కాబట్టి ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

అంతటి వాగుడుకాయ తొమ్మిది వారాలుగా పనికెళ్ళిన చోటల్లా నోరు కట్టేసుకున్నట్టు తిరుగుతున్నాడు. అక్కకు పక్షవాతం వచ్చింది.

అక్కకు అరవై మూడు. తమ్ముడింట్లోనే ఉంటుంది, ఇంకా చెప్పాలంటే తమ్ముడే అక్క ఇంట్లో ఉంటున్నాడు, ఎందుకంటే ఆ ఇంట్లో అక్క మాటకు తిరుగు లేదు. ఒక పొద్దున మరదలి చీరకు ఇస్త్రీ చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట పోయింది. మాటల్లో ఒక్కటి మాత్రం మిగిలింది. గుండీ. నలభై ఏళ్ళపాటు దర్జీ దుకాణంలో కాజాలు కుట్టి గుండీలు వేసిన మనిషి. తెలిసిన మాటలన్నీ తుడిచిపెట్టుకుపోగా లోపల ఆ ఒక్క గుండీ ఎలా చిక్కుకుందో ఏమో. దాహమేస్తే గుండీ. నొప్పి పుడితే గుండీ. తమ్ముడు గదిలోకొస్తే కూడా గుండీయే, కాకపోతే కాస్త సాగదీసి. ఆ సాగదీతలో తన పేరుందని లిఫ్టాయన ఇల్లాలితో వాదించేవాడు. ఇల్లాలు కాదనలేదు.

ఆస్పత్రి వెనక మేడలో, పక్షవాతం వచ్చినవాళ్ళకు నడకా మాటా తిరిగి నేర్పుతారు. అక్క ఉంటున్నదీ అక్కడే. మాటలు నేర్పేచోట పన్నెండు మందికే చోటు. తొమ్మిది వారాలకోసారి పరీక్ష పెడతారు. చెప్పింది బుర్రకెక్కుతున్నవాళ్ళను ఉంచి, ఎక్కనివాళ్ళను చెయ్యీ కాలూ ఆడించే వ్యాయామానికి మాత్రం పంపించేస్తారు. బయట ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు మరి. నేర్పే అమ్మాయి చిన్నదే, ముప్ఫై ఉంటాయేమో. స్పీచ్ థెరపిస్టు అని గది మీద రాసుంది. లిఫ్టాయనకు ఆమె మాటల డాక్టరమ్మ.

శుక్రవారం మాటల డాక్టరమ్మ అక్క కుర్చీ పక్కనే ఆయన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. "మీ అక్కగారికి వరుస తెలియడం లేదండీ."

లిఫ్టాయనకు చుర్రుమంది. "వరుస తెలియకపోవడమేంటమ్మా? నన్ను చూడగానే మొహం విప్పారుతుంది. మా ఆవిడ వస్తే తల నిమురుతుంది. ఎవరు తనకి ఏమవుతారో అన్నీ తెలుసు అక్కకి."

"ఆ వరుస కాదండీ. ముందేది, తర్వాతేది, ఆ వరుస."

ఆమె బల్ల మీద ఒక పలక పెట్టి చూపించింది. చక్రాల కుర్చీకి తగిలించే బల్ల ఇరుకు కాబట్టి పలకలో నాలుగు గళ్ళూ పైన రెండు, కింద రెండుగా ఉన్నాయి. బొమ్మలు నాలుగు. విత్తనం, మొలక, మొక్క, పువ్వు. కలిపేసి ఇస్తే ఏది ముందో ఏది వెనకో చూసి గళ్ళలో పెట్టాలి.

"ఏడుసార్లు పెట్టించాను. విత్తనం తర్వాత మొక్క పెడతారు, మొక్క తర్వాత మొలక, ఆ తర్వాత పువ్వు. ఇంకో కట్ట ఇచ్చాను. గుడ్డు తర్వాత కోడిపిల్ల వచ్చేసింది, పిల్ల వచ్చాక గుడ్డు పగిలింది. ప్రతిసారీ అదే తప్పు. మాట రాకపోతే నేర్పగలను. ఏది ముందో ఏది వెనకో కూడా పోతే మాత్రం కష్టమండీ. సోమవారం ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు."

అక్క మాట రాకుండా ఎన్నేళ్ళు బతికినా సరే, లిఫ్టాయన చూసుకుంటాడు. అక్క లోపల లేదంటే మాత్రం తట్టుకోలేడు. తను రోజూ కబుర్లు చెబుతున్నది అక్కకా, అక్కలా కనబడే ఇంకెవరికో అన్న అనుమానం ఆ గదిలోనే మొదలైంది. ఇంటికొచ్చి అన్నం కెలికి లేచాడు.

"రోజూ ఆ లావు నవలలు చదివి వినిపిస్తారు. పాపం వదినకి అవేం ఎక్కుతాయి?" అంది ఇల్లాలు. "మీ చిన్నప్పటివి, ఆ బొమ్మలవి తీసుకెళ్ళండి. ఆవిడకి అవేగా ఇష్టం."

శనివారం మధ్యాహ్నం బీరువా అడుగునుంచి పాత 'తోకచుక్క దళం' ఒకటి తీసుకుని వెళ్ళాడు. అట్ట లేదు, కాగితం తేనె రంగుకొచ్చింది. అక్క చక్రాల కుర్చీలో కిటికీ పక్కన కూర్చునుంది. ఒళ్ళో పుస్తకం తెరిచి, పేజీలో మొదటి గడి మీద వేలు పెట్టాడు. కెప్టెను డబ్బాను తిడుతున్నాడు. చదివి వినిపించాడు. వేలు పక్క గడికి జరిపాడు.

అక్క ఎడమ చేత్తో ఆ వేలు పట్టుకుంది. పట్టుకుని పక్క గడిలోంచి లాగి, మొదటి గడికి సరిగ్గా కిందనున్న గడి మీద పెట్టింది.

"గుండీ!" అంది కోపంగా.

లిఫ్టాయన నోరు వెళ్ళబెట్టాడు. మళ్ళీ వేలు పక్కకు జరిపి చూశాడు. అక్క ఈసారి వేలి మీద ఒక్కటేసి మళ్ళీ కిందికి లాగింది. "గుండీ, గుండీ!"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, మరిచిపోయినందుకు చెంపలు వాయించుకోవాలనిపించింది.

అక్క నాలుగో తరగతితో బడి మానేసి కాజాలు కుట్టడానికి కూర్చుంది. అమ్మ మంచాన పడింది, తర్వాత పోయింది, నాన్న లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. అక్క చదువంతా దుకాణంలోనే సాగింది. దర్జీ చొక్కా కొలతలకు పాత వార్తాపత్రికలు కత్తిరించేవాడు. చొక్కా చేతి ఆకారంలో ఒక వార్త, కాలరు ఆకారంలో ఒక వార్త, వాటిని కూడబలుక్కుని చదివి చదవడం గట్టిచేసుకుంది. పత్రికలో వార్త పైనుంచి కిందికి దిగి, మళ్ళీ పక్క వరుసలో పైనుంచి మొదలవుతుంది కదా. ఆ పాత కాగితాల కట్టల్లో ఎప్పుడైనా బొమ్మల పుస్తకం దొరికితే అదీ అలాగే చదివేది. పై గడి, దాని కింద గడి, అప్పుడు పక్కకెళ్ళి పై గడి, దాని కింద గడి. ఆరేళ్ళ తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సూది నోట్లో పెట్టుకుని, చదివి వినిపించేది.

దాంతో కథలన్నీ తలకిందులయ్యేవి. దెబ్బ ముందు తగిలేది, కొట్టేవాడు తర్వాత వచ్చేవాడు. నౌక ముందు కూలిపోయేది, తర్వాత తీరిగ్గా బయల్దేరేది. అక్క ఏమాత్రం తొణికేది కాదు. ఎక్కడ తెగితే అక్కడ మాట వేసి కుట్టేసేది. "ముందే తెలిసిపోయిందిరా వాడికి, దెబ్బ తగలబోతోందని. అందుకే అరిచాడు" అనేది. తమ్ముడు తలూపేవాడు.

ఇప్పుడు ఒళ్ళో ఉన్న ఈ పేజీ కూడా వాళ్ళు వందసార్లు చదివిందే. సరైన వరుసలో చదివితే కెప్టెను డబ్బాను తిడతాడు. డబ్బా వెళ్ళిపోతుంది. కెప్టెను ఒంటరిగా ఏడుస్తాడు. డబ్బా గుమ్మంలో తిరిగి కనిపిస్తుంది. మామూలు కథ. అక్క వరుస వేరు. "తిట్టి, మళ్ళీ తనే ఏడుస్తున్నాడు చూడు. అది చూడలేక డబ్బా వెళ్ళిపోయింది. వెళ్ళి ఉండలేక మళ్ళీ వచ్చేసింది, పిచ్చిది." లిఫ్టాయన ఆ తర్వాత కార్టూను చూశాడు, నవలా చదివాడు. ఇంత బాగా వాటిలో ఎక్కడా లేదు.

పదేళ్ళప్పుడు బడిలో పక్కవాడు నవ్వాడు. గళ్ళు అడ్డంగా చదవాలిరా మొద్దూ అన్నాడు. వాడితో కలబడి చొక్కా చింపుకొచ్చాడు గానీ, వాడు చెప్పిందే నిజమని ఇంటికొచ్చేలోపే అర్థమైపోయింది. ఆ సాయంత్రం అక్క చిరిగిన చొక్కా కుడుతూ పుస్తకం తెమ్మంది. తెచ్చాడు. అక్క పైనుంచి కిందికి చదువుతుంటే విన్నాడు. చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు. తమ్ముడికి చదువు చెప్పిందెవరని ఎవరైనా అడిగితే, అక్క బడి పేరు కూడా ఎత్తనిచ్చేది కాదు. దుకాణంలో అందరిముందూ తనేనని చెప్పుకుని మురిసిపోయేది. ఆవిడకున్న గొప్ప అదొక్కటే. దాన్ని గడికొకటిగా ఊడబెరకడం తన వల్ల కాలేదు. నలభై రెండేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు సంగతేమిటంటే, పలకలో విత్తనం కింద మొలక ఉంది. మొలక అయ్యాక పక్క వరుసలో పైన మొక్క, దాని కింద పువ్వు. అక్క ఏడుసార్లూ సరిగ్గానే పెట్టింది. పెట్టినదాన్ని డాక్టరమ్మ అడ్డంగా చదివింది.

లిఫ్టాయనకు ఎగిరి గంతేయాలనిపించింది. అక్కను కావలించుకుని తల మీద ముద్దు పెట్టుకున్నాడు. అక్క అతన్ని నెట్టేసి, పేజీ తిప్పమన్నట్టు వేలితో పొడిచింది.

ఆదివారమంతా ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

"వెళ్ళి ఆ డాక్టరమ్మకి చెప్పేయండి. అందులో అంత ఆలోచించడానికేముంది?" అంది ఇల్లాలు.

"అక్క వింటుందే. అన్నీ అర్థమవుతున్నాయి తనకి, అదేగా సంతోషం. నువ్వు జీవితమంతా తప్పు చదివావు, నాకు తెలిసి కూడా దాచాను అని ఇప్పుడెలా చెప్పను? ఒంట్లో సగం పోయి కూర్చునుంది. ఇంకా మిగిలింది కూడా లాక్కోనా?"

"ఆవిడకి వినబడకుండా చెప్పండి."

అదే మంచిదనుకున్నాడు. సోమవారం పెందలాడే వెళ్ళి వసారాలో కాపేశాడు. మాటల డాక్టరమ్మ రాగానే ఎదురెళ్ళాడు. "అమ్మా, ఒక్క మాట. అక్కకి వినపడకుండా..."

"లేదండీ. మా దగ్గరికి వచ్చినవాళ్ళ గురించి వాళ్ళ వెనక మాట్లాడుకోం. మాట రానివాళ్ళ విషయంలో మరీను. ఏదున్నా ఆవిడ ముందే చెప్పండి." చెప్పేసి తలుపు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు లిఫ్టాయన ఆమెకు దణ్ణం పెట్టేవాడు.

లోపల అక్క ముందు పలక పెట్టారు. బొమ్మలు కలిపి ఇచ్చారు. అక్క ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి, గుండీ కాజాలో పడేంత జాగ్రత్తగా గళ్ళలో పెట్టింది. విత్తనం. దాని కింద మొలక. పక్కన పైన మొక్క. దాని కింద పువ్వు. పెట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ నిట్టూర్చి కలం తీసింది.

"ఆగమ్మా," అన్నాడు లిఫ్టాయన. అక్క వైపు చూడలేక నేల చూపులు చూస్తూ అందుకున్నాడు. "తప్పు నాదమ్మా. చిన్నప్పుడు బొమ్మల పుస్తకాలు నేను వంకరగా చదివేవాణ్ణి. అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి. నాకు తెలిసేది కాదు. అక్క కూడా పాపం నన్ను చూసి అలాగే అలవాటు చేసుకుంది. అక్కకి అలా నేర్పింది నేనే. మీరు ఆ పలకని పైనుంచి కిందికి చూడండి, ఒక్కసారి."

డాక్టరమ్మ చూసింది. ఆమె వేలు విత్తనం మీదినుంచి మొలక మీదికి దిగింది, పక్కకెళ్ళి మొక్క మీదినుంచి పువ్వు మీదికి దిగింది. పాత కాగితాలు తిరగేసింది. గుడ్డు, పగిలిన గుడ్డు, పిల్ల, కోడి. ఆమె మొహం ఎర్రబడింది.

"అయ్యో," అంది. "అన్నీ సరిగ్గానే పెట్టారు. నేనే చూసుకోలేదు. క్షమించండమ్మా."

అది అక్కతోనే అంది. అక్క మాత్రం ఆమెను పట్టించుకోలేదు. బల్ల మీద ఎడమ చేత్తో ఠప్పున కొట్టింది.

"గుండీ."

"అయిపోయిందిలే అక్కా. ఇక్కడే ఉంచుతారు నిన్ను" అన్నాడు లిఫ్టాయన.

అక్క తల అడ్డంగా ఊపింది. వేలు తమ్ముడివైపు చూపించి, కాదు కాదన్నట్టు గట్టిగా ఊపింది. వాడి మాట నమ్మొద్దన్నట్టు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ మొహంలో సిగ్గూ లేదు, నొచ్చుకోవడమూ లేదు. తనకు రావలసినదాన్ని తన ఎదుటే ఇంకెవడో ఎగరేసుకుపోతుంటే మనిషికి ఎంత మంట పుడుతుందో అంత మంట ఉంది. ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చుకుని గుండెల మీద కొట్టుకుంది.

"గుం..." అని ఆగిపోయింది. ఆ మాట కాదని తనకే తెలిసింది. పెదాలు బిగించింది. మెడ నరాలు ఉబ్బాయి. డాక్టరమ్మ కదలకుండా, సాయం చేయకుండా, ఆమె నోటివైపే చూస్తోంది.

"నే..." అంది అక్క. మళ్ళీ గుండెల మీద కొట్టుకుంది. "నే... నేను."

అక్క ఇంకోసారి, ఈసారి కాస్త తేలిగ్గా, "నేను" అంది. పలక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి గీసింది. ఆ వేలితోనే తమ్ముణ్ణి చూపించింది. అబద్ధాలకోరు వెధవ అన్నట్టు చూసింది కూడా.

లిఫ్టాయన కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. తన అక్క లోపలే ఉంది. మొత్తం ఉంది, ఆ పంతంతో సహా. తుండుగుడ్డ కోసం సంచీలో వెతికితే దొరకలేదు, చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అవునక్కా, నువ్వే" అన్నాడు. "నాకు చదవడం నేర్పింది నువ్వే."